చిన్నాన్న పోగు

ఏటిచేపకు నాచు వాసన ఉంటుంది. సముద్రం చేప తిని పెరిగినవాళ్ళకు అది ఒక పట్టాన గొంతు దిగదు. మా ఇంట్లో అయితే ఏటిచేప వండిన కుండను వేరే పెట్టమనేవారు, అంత గీర మాకు. అటువంటి ఇంట్లో పుట్టినదాన్ని, మొన్న పలాస బజారులో ఒకామె బుట్టలో రూపాయి కాసంత పొలుసులున్న కొండచేపను చూసి, నడిబజారులో వంగి మరీ దాని వాసన చూశాను. "ఏటి మామ్మా, అలా వాసన సూత్తన్నారు? పొద్దున్న పట్టిన సేపే, కొండ నుంచి ఇప్పుడే దిగింది" అని ఆమె నొచ్చుకుంది. తాజాదో కాదో చూడటానికి వంగలేదమ్మా అందామనుకున్నాను. మరెందుకు వంగావంటే ఆమె బేరాలన్నీ చెడిపోయేంత కథ చెప్పాల్సి వస్తుంది. కొనకుండా లేచినందుకు ఆమె ఏదో గొణుక్కుంది, నేను ఆ మాట పడి టెక్కలి బస్సెక్కాను. అక్కడ చెప్పలేకపోయిన కథ ఇక్కడ చెబుతున్నాను, ఇక్కడ ఎవరి బేరమూ చెడదు గనక.

మాది ఉద్దానంలో సముద్రం ఒడ్డు పల్లె. వెనక కొబ్బరి, జీడి, పనస తోటలు, ముందు ఇసుక, మధ్యలో తాటాకు ఇళ్ళు. తెల్లవారకముందే అమ్మ చోడి అంబలి కాచేది. ఆ అంబలి ఆవిరి, వలలకు పట్టించడానికి వాకిట్లో కాచే చెట్టు బెరడు కషాయం ఘాటు, ఎండుచేపల వాసన కలిసిపోయి, పై ఊరివాళ్ళు ముక్కు మూసుకునేవారు, మాకు మాత్రం నిద్ర లేచామన్న గుర్తు అదే. మా నాయనమ్మ నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. నోట్లో నిప్పున్నంతసేపూ ఆవిడ మాట్లాడలేదు గనక మా ఇంట్లో శాంతి ఆ చుట్ట పొడవును బట్టి ఉండేది. ఎండెక్కేసరికి అమ్మ, పక్కింట్లో ఉండే మా చిన్నాన్న భార్య పోలమ్మ పిన్ని, మిగతా ఆడవాళ్ళూ గంపలెత్తుకుని టెక్కలి దారి పట్టేవారు. నేను పలక పట్టుకుని బడికి పోయేదాన్ని. మా వీధిలో బడికి పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే కావడంతో, మా చిన్నాన్న నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "పంతులమ్మా" అనేవాడు. ఆ ఎగతాళే తర్వాత నాకు నిజంగా ఉద్యోగమైంది.

మా పల్లెలో పడవ ఒడ్డుకు రాగానే చేపను ఇసుక మీద పోగులు వేసేవారు. పడవకొక పోగు, వలకొక పోగు, ఎక్కిన మనుషులకు తలా ఒక పోగు. అక్కడితో అయిపోదు. కెరటాల్లోంచి పడవను లాగడానికి తాడు మీద ఎవరు చెయ్యేస్తే వాళ్ళకు పాలు ఉంటుంది. ముసలాళ్ళు కానీ, పిల్లలు కానీ, ఆ దారిన పోతున్న పరాయివాళ్ళు కానీ, చెయ్యి పడిందంటే చేప ఇవ్వాల్సిందే. "సెయ్యెయ్యండర్రా!" అని నీళ్ళలోంచి కేక వినబడితే అంబలి తాగుతున్నవాళ్ళు కూడా గిన్నె దింపి పరుగెత్తేవారు. ఈ పోగులు వెయ్యడంలో మా అయ్యకు పేరు. తూకం లేదు, కొలత లేదు, చేత్తో విసిరినట్టే ఉండేది, కానీ ఆయన వేసిన పోగులో తక్కువైందని అన్నవాళ్ళను నేను చూడలేదు. పక్క పడవలవాళ్ళు కూడా మాటా మాటా వచ్చినప్పుడు అయ్యనే పిలిచేవారు.

నేను బడికి పోతున్న రోజుల్లోనే, ఒక ఏడు వానల్లో చిన్నాన్న పోయాడు. నడిసముద్రంలో కాదు, ఒడ్డు కనబడుతున్నచోట, కెరటం విరిగేచోట పడవ తిరగబడింది. అయ్య ఒక చేత్తో పడవను, ఇంకో చేత్తో చిన్నాన్న చేతిని పట్టుకున్నాడట. రెండో కెరటం వచ్చాక అయ్య చేతిలో పడవే మిగిలింది. ఆ రోజు నుంచి అయ్య పడవ ఎక్కలేదు. గోడకు ఆనుకుని కూర్చుని తన కుడిచెయ్యి చూసుకునేవాడు. "నా సేతిలోంచే జారిపోనాడు" అన్నాడొకసారి, ఎవరితోనన్నది నాకిప్పటికీ తెలియదు, గదిలో నేను తప్ప ఎవరూ లేరు. పక్కింటి వైపు చూసేవాడే కాదు. పోలమ్మ పిన్ని వాకిట్లోకి వస్తే ఆయన లోపలికి పోయేవాడు. తమ్ముడి పేరు ఆయన నోట వినబడలేదు. ఇంట్లో మేమూ ఎత్తడం మానేశాం. ఒక మనిషి పోయిన బాధకన్నా ఆ మనిషి అసలు పుట్టనట్టు బతకడం నాకు ఎక్కువ బాధగా ఉండేది, ఆ వయసులో దాన్ని ఏమంటారో తెలియకపోయినా.

పడవ ఇసుకలో బోర్లా పడి ఎండుతోంది. అమ్మ వేరేవాళ్ళ చేప అమ్మి తెచ్చే గింజలు చాలడం లేదు. వానలు వెనకబట్టి మిగతా పడవలన్నీ మళ్ళీ దిగుతున్న రోజుల్లో అమ్మ అయ్య ముందు నిలబడి తెగేసి చెప్పింది. "ఎక్కనంటే ఎక్కొద్దు. నిన్ను తోసి ఎక్కించలేను గదా. పడవ ఎవలికో ఇచ్చేసి నౌపడ ఎల్లిపోదుం. నలుగురితో పాటు ఉప్పుమళ్ళలో పని సేసుకుందుం. ఈ గుంట కూడా వొత్తాది, ఉప్పు ఎత్తడానికి సదువేటి అక్కర్లేదు." ఆ మాటతో నాకు భయం పట్టుకుంది. ఉప్పుమళ్ళలో పనిచేసే మా దూరపు బంధువుల కాళ్ళు నేను చూశాను. మడమలు బీటలు వారి, ఆ బీటల్లో ఉప్పు దిగి ఉండేది. అయ్య మాత్రం తల కూడా ఎత్తలేదు.

అప్పుడు వచ్చాడు మా గవరయ్య మావ, అమ్మ అన్న. ఎండుచేప కావిడితో మందస అవతల కొండకింది సంతలకు పోయి, చింతపండుకూ పసుపుకూ మార్చుకు రావడం ఆయన పని. కొండమీద సవరల గూడెంలో సుక్కయ్య అని ఆయనకొక నేస్తం ఉన్నాడు. మాట ఆగని మనిషి మావ, కావిడి దించినా నోరు దించడు. "బావా, ఈ పాలి సరుకు ఎక్కువుంది, మొయ్యడానికి మనిషి లేడు. నాతో కొండకి రా. అక్కడ సముద్రం అవుపడదు, దాని మోతా ఇనపడదు. సేపలు పట్టమని నిన్నెవలూ అడగరు" అన్నాడు. అయ్య లేచాడు. పనికి లేవలేదు, మోత వినబడదన్న మాటకు లేచాడని ఇప్పుడు అనుకుంటాను. అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నువ్వూ ఎల్లవే. నువ్వు పక్కన కూకుంటే నాలుగు ముద్దలు తింటాడు. వొచ్చాక మాత్రం నౌపడే" అంది.

తోటల్లోంచి నడిచి, పలాస దగ్గర రైలు కట్ట దాటి, వరిచేల గట్ల మీదుగా కొండల వైపు పోయాం. సముద్రం చప్పుడు ఎక్కడ ఆగిందో నేను కనిపెట్టలేకపోయాను, అయ్యకు మాత్రం తెలిసింది. ఒకచోట కావిడి దించి, చెవి ఒగ్గి విని, మళ్ళీ ఎత్తుకున్నాడు. కొండ ఎక్కుతుంటే ఎండుచేప వాసన తగ్గి తడి ఆకు వాసన మొదలైంది. మహేంద్రతనయ కింద పల్లంలో ఇసుక మధ్య బద్ధకంగా పారే ఏరు. పైన అది వేరే ఏరు. బండల మధ్య ఇరుకుగా, చల్లగా, అడుగున గులకరాళ్ళు కనబడేంత తేటగా ఉంది. కింద ఎంత పెద్ద సముద్రం చూసి పెరిగినా, నీళ్ళ అడుగు కనబడటం నేను అదే మొదటిసారి చూడటం.

సుక్కయ్య గూడెం దగ్గర ఏరు ఒక మలుపులో మడుగు కట్టింది. గట్టున పెద్ద మేడిచెట్టు నీళ్ళ మీదికి వాలి ఉండేది. ఆ మడుగుకు ఇటు సుక్కయ్యవాళ్ళ గూడెం, అటు ఇంకో గూడెం. జమీందారీ పోయి హద్దులు కొత్తగా తేల్చుకునే రోజులవి. అటు గట్టు ఒరిస్సాదని, ఇటు గట్టు మనదని పైవాళ్ళు అనేసి పోయారు. నీళ్ళు ఎవరివో మాత్రం ఎవరూ చెప్పలేదు. దాంతో రెండు గూడేలకూ తగువు పడి, ఒకడి భుజంలో బాణం దిగేదాకా పోయింది. అప్పటినుంచి ఆ మడుగులో ఎవరూ చెయ్యి పెట్టకూడదని రెండు పక్కలా పంతం. పిల్లనిచ్చి పుచ్చుకున్నవాళ్ళు కూడా గట్టుకటూ ఇటూ మొహాలు తిప్పుకుని పోతున్నారు. ఇదంతా మావకు తెలుసు. ఊళ్ళో సంగతులన్నీ వద్దన్నా చెప్పే మనిషి, ఈ ఒక్కటీ మాకు చెప్పడం మరిచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మావ సంతకు సరుకు సర్దుకుంటుంటే, అయ్యా నేనూ మడుగు దగ్గరికి పోయాం. నేను బండ మీద బోర్లా పడుకుని నీళ్ళలోకి చూస్తున్నాను. కింద చేపలు నా చెయ్యంత పొడవున, ఒకటి రెండు అంతకన్నా పెద్దవి, కదలకుండా ఎదురు నీటిలో నిలబడి ఉన్నాయి. "అయ్యా, సూడు!" అన్నాను. ఆయన చూశాడు. చాలా నెలల తర్వాత ఆయన కళ్ళు ఒకచోట నిలవడం చూశాను. మొలలో ఎప్పుడూ ఉండే గాలం తీశాడు, కావిడికి కట్టిన జనపదారం విప్పాడు, ఎండురొయ్య గుచ్చి విసిరాడు. చేపలు దాన్ని చూసి పక్కకు తప్పుకున్నాయి. ఇంకోటి గుచ్చాడు, అదీ అంతే. "మన రొయ్య ఈటికి నచ్చలేదే" అని ఆయన అన్నప్పుడు ఆ గొంతులో కోపం విని నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అంతలో కొమ్మమీంచి ఒక పండిన మేడికాయ టపుక్కున నీళ్ళలో పడింది, పడీ పడగానే కిందినుంచి ఒక నోరు వచ్చి దాన్ని మింగేసింది. నేను ఎగిరి దూకి, చెట్టుకింద ఏరి, ఒక పండు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. చేపకు పండు ఎర వెయ్యడమేమిటని ఆయన నవ్వాడు. నవ్వుతూనే గుచ్చాడు.

దారం చేతికి చుట్టుకోవడం సముద్రంవాళ్ళ అలవాటు. ఏటిచేప పక్కకు, బండల వైపు లాగుతుందని మాకేం తెలుసు. గాలం పడగానే ఆ చేప అయ్యను బండమీంచి నీళ్ళలోకి దింపేసింది. మోకాళ్ళ లోతు, తర్వాత నడుం లోతు. దారం కోసి కుడిచేతి నుంచి రక్తం కారుతోంది. ఆయన మొహం చూసి వదిలేస్తాడనుకున్నాను. ఆయన వదల్లేదు. చెయ్యి గుండెకు అదుముకుని, కొండలు మారుమోగేలా కేక పెట్టాడు. "సెయ్యెయ్యండర్రా!"

మొదట నేనే దూకి దారం పట్టుకున్నాను. కేక విని మావ వచ్చాడు, సుక్కయ్య వచ్చాడు, గూడెం మగాళ్ళు వచ్చారు. అవతలి గట్టున కూడా మనుషులు పోగయ్యారు, కొందరి చేతుల్లో విల్లులున్నాయి. అయ్యకు అవేవీ కనబడలేదు. ఆయనకు ఆ ఏరూ, ఆ గట్లూ మా పల్లె ఒడ్డే. "సూత్తా నిలబడ్డారేటి? అటు తిరిగిపోతంది, అటు పక్క కాయండి! బేగి, బేగి!" అని అవతలివాళ్ళ మీద అరిచాడు. మనుషులు మునిగిపోతున్నారనుకున్నారో, అంత దబాయింపుగా పిలిచినవాడికి ఎదురు చెప్పడం తోచలేదో, అటునుంచి ఇద్దరు విల్లు కిందపెట్టి నీళ్ళలోకి దిగారు. వెనక ఇంకొందరు దిగారు. ఎవరో అటునుంచి చేపను కాళ్ళతో మళ్ళించారు, ఇటునుంచి మేం లాగాం. బండ మీదికి వచ్చిన చేప నా భుజం దాకా ఉంది, పొలుసు ఒక్కొక్కటీ రూపాయి కాసంత.

చేప ఒడ్డున పడ్డాకగానీ ఆ మనుషులకు తాము ఎక్కడున్నదీ గుర్తు రాలేదు. పంతం పట్టిన మడుగు మధ్య, పగవాడి పక్కన, నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. మావ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతూ, "కొంప ముంచినాడు మీ అయ్య" అని చెవిలో చెప్పి, తగువంతా అప్పుడు చెప్పాడు. అయ్య ఇవేవీ వినలేదు. కత్తి అడిగి తీసుకుని, చేపను కోసి, కడిగిన బండ మీద పోగులు వెయ్యడం మొదలుపెట్టాడు. చెయ్యేసిన ప్రతివాడికీ ఒకటి. ఎవరు ఏ గూడెమో ఆయనకు తెలియదు, అడగనూ లేదు. దారం మీద, నీళ్ళలో చేతులెవరివి పడ్డాయో అదొక్కటే చూసుకున్నాడు. అందరూ ఆ చేతుల కదలికను గుడ్లప్పగించి చూస్తున్నారు. ఒక పోగు ఎక్కువా, ఒక పోగు తక్కువా లేదు. నీళ్ళలోంచి ఒక్కొక్కరే బండ దగ్గరికి వచ్చి తమ ముందున్నది ఆకులో తీసుకున్నారు. అందరూ తీసుకున్నాక బండ మీద ఒక పోగు మిగిలింది.

సుక్కయ్య తల్లి, బాగా ముసలావిడ, కర్ర పట్టుకుని దగ్గరికి వచ్చింది. "ఇది ఎవరిది?" అని వచ్చిన తెలుగులో అడిగింది. అయ్య కూడా తన పోగులు తానే లెక్క చూసుకున్నాడు. ఆయన చేత తప్పు పోగు పడటం నేనెరగను. దానివైపు చూసి, "మా తమ్ముడిది" అన్నాడు. ప్రతి వేటలో పక్కన నిలబడినవాడికి వేసే పోగును ఆ చెయ్యి అలవాటు కొద్దీ వేసేసింది. "రాలేదా తమ్ముడు?" అంది ఆవిడ. "లేడు. సముద్రం తీసుకుపోనాది. లచ్చయ్య ఆడి పేరు" అన్నాడు అయ్య, అని బండ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంటిదగ్గర ఏడవని ఏడుపంతా, పేరు కూడా తెలియని మనుషుల మధ్య ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు. ఆవిడ ఆయన పక్కన చతికిలబడి, ఆ ఏడుపు తగ్గేదాకా ఉండి అడిగింది. "వాడికి పెళ్ళాం ఉందా?" ఉందన్నాడు. "మరి ఇన్నాళ్ళూ ఆమెకు ఈ పోగు ఎవరు వేశారు?"

ముసలావిడ ఆ ముక్కల్ని పొగమీద ఆరబెట్టి, ఆకుల్లో కట్టి, మేం కొండ దిగేటప్పుడు ఆయన కావిడికి తగిలించింది. రెండు గూడేల తగువు ఆ ఒక్క చేపతో తీరిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కానీ తర్వాతి సంతల నుంచి వచ్చినప్పుడల్లా మావ చెప్పేవాడు, రెండు పక్కలవాళ్ళూ కలిసి మడుగులో దిగుతున్నారని, ఆ బండ మీదే పోగులు వేసుకుంటున్నారని, పోగు దగ్గర మాట తేడా వస్తే "ఆ సముద్రపోడు ఎలా ఏసినాడు?" అని అడుగుతున్నారని. మావ మాటల్లో సగం తీసెయ్యాలి, అయినా మిగిలిన సగం చాలు.

ఇప్పుడు మా పల్లెలో పడవలకు ఇంజన్లున్నాయి, వల మిషన్ అల్లుతుంది. చేప ఒడ్డుకు రాకముందే ఫోనులో బేరం కుదిరిపోతుంది. పడవను లాగడానికి ట్రాక్టరొస్తుంది, దానికి పోగు వెయ్యక్కర్లేదు. తుఫాను తోటల్ని ఊడ్చుకుపోయిన ఏడు మాత్రం పాత ఊరు మళ్ళీ కనబడింది నాకు. దారికి అడ్డంగా పడ్డ కొబ్బరిచెట్లను కోస్తూ కుర్రాళ్ళు అరిచిన కేక అదే, ఇళ్ళలోంచి పరుగెత్తుకొచ్చిన మనుషులూ అలాంటివాళ్ళే. అప్పటి రోజులే బంగారమనే ముసలివాళ్ళతో నాకు పడదు. అప్పుడు ఆకలి ఉండేది, చిన్న జ్వరానికి మనుషులు పోయేవారు, ఆడదాని మాట ఒడ్డున చెల్లేది కాదు. ఇప్పుడు మా వీధి ఆడపిల్లలు టెక్కలి కాలేజీకి గుంపుగా పోతున్నారు. ఏది బాగుందంటే ఇదే బాగుందంటాను, ఆ కేక ఒక్కటి దీనిలోకి తెచ్చుకుంటే చాలు.

కొండనుంచి వచ్చిన సాయంత్రం అయ్య నేరుగా పక్కింటికి పోయి, ఆకుల కట్ట పిన్ని ముందు పెట్టాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు పొద్దున్న పడవ తిరగేసి, పగుళ్ళు పూడ్చి, సముద్రంలోకి తోశాడు. అమ్మ నౌపడ మాట మళ్ళీ ఎత్తలేదు. అంబలి గిన్నె ముందు పెట్టుకుని, తాగకుండా నీళ్ళవైపు చూస్తూ కూర్చుంది. ఎండ బాగా ఎక్కాక కేక వినబడింది. మేమందరం పరుగెత్తి తాడు మీద చేతులేశాం. అయ్య ఇసుక మీద పోగులు వేసి, చివరిది వేసి లేచి నిలబడి, "పోలమ్మా, తమ్ముడి పోగు తీసుకోమ్మా" అన్నాడు.

పిన్ని వచ్చింది. గంప చంకలోనే ఉంది. పోగు వంక చూసి, "వద్దు బావా" అంది. "ఆయన పోగని ఎన్నాళ్ళు తింటాను? ఒగ రోజు ఎవలో ఒగలు లేనోడికి పోగేటంటారు. రేపటి నుంచి మీ వలకి దారం నాను పురెడతాను. నాకు నా పోగెయ్యి." మా ఒడ్డున అప్పటిదాకా ఆడదాని పేరున పోగు లేదు. ముసలాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో ఏదో అనబోయారు. అయ్య ఎవరినీ అడగలేదు. వంగి, వేసిన పోగులన్నీ రెండు చేతులతో మళ్ళీ ఒకచోటికి ఊడ్చాడు. మొదటినుంచి వెయ్యడం మొదలుపెట్టాడు, ఈసారి ఒక్కొక్కటి ఎవరిదో పైకి చెబుతూ. పోగులు పెరగలేదు, తరగలేదు. చివరిదాని దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు. ఒడ్డంతా వినబడేలా అన్నాడు.

"పోలమ్మ పోగు!"